పదింటికి శవం, పదకొండింటికి నిద్ర

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 54 ఏళ్ళు, మాది రాజమండ్రి. ఊళ్ళో ఎవరైనా పోయారంటే రెండు రోజులు అన్నం సహించని మనిషిని. కోడిని కోస్తుంటే అటు చూడను. అలాంటిది రాత్రి వంటిల్లు సర్దుకుని, పదింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్రైమ్ సీరియల్ చూస్తే గానీ నిద్ర పట్టడం లేదు. లాక్‌డౌన్ అప్పుడు మొదలైంది. సీరియళ్ళు, సిరీస్‌లు చాలామటుకు అయిపోయాయి, ఇప్పుడు యూట్యూబ్‌లో నిజంగా జరిగిన హత్యల వీడియోలు కూడా చూస్తున్నాను. మావారు కాఫీ కప్పు అందుకుంటూ ‘ఇవాళ ఏం కలిపావు’ అని జోకులేస్తారు. మా అమ్మాయి ‘ఇది నార్మల్ కాదమ్మా, ఎవరికైనా చూపించుకో’ అంటోంది. మా అత్తగారికి 81. ‘పడుకునే ముందు రాముణ్ణి తలుచుకోవాలి గానీ శవాల్ని కాదు’ అని రోజూ సాధిస్తారు. అలాంటావిడ మొన్న మంచినీళ్ళకని లేచొచ్చి, గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు నా ఫోన్ వైపు చూసి, ‘ఆ మరిదే అయ్యుంటాడు’ అనేసి వెళ్ళి పడుకున్నారు. మరిదే! ఇంకోటి, ఈమధ్య తలుపు గడియ రెండు మూడుసార్లు చూసుకుంటున్నాను. నాలో ఏదైనా తేడా ఉందా? మానెయ్యాలా?

సమాధానం: చివర అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను, సస్పెన్స్ ఎందుకు. మీలో తేడా ఏమీ లేదు. మానెయ్యక్కర్లేదు. కాకపోతే మీరు ఒకే ఉత్తరంలో రెండు వేరు వేరు సంగతులు కలిపేశారు, సీరియళ్ళు ఒకటి, యూట్యూబ్‌లో నిజం హత్యలు ఇంకోటి. ఆ రెండోదాని మీద నాకు కొంచెం కోపముంది, అక్కడికి తర్వాత వస్తాను.

మా అమ్మ చీమని కూడా చీపురుతో పక్కకి తోసేది గానీ తొక్కేది కాదు. అలాంటావిడ వంటింట్లో బియ్యం డబ్బా మీద ఎప్పుడూ ఒక డిటెక్టివ్ నవల బోర్లించి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మా ఇంట్లో చుట్టాల్లా మసిలేవాళ్ళు. వీధి చివర అద్దె పుస్తకాల షాపు, రోజుకి పావలా, తెచ్చిచ్చే డ్యూటీ నాది. ఒకసారి నేను తెచ్చిన నవలలో, ఎవరు రాసిందో ఇప్పుడు గుర్తులేదు, ఆఖరి కాగితాలు లేవు. ఎవరైనా చింపారో, కుట్టు ఊడి రాలిపోయాయో. డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పిలిపించేదాకా ఉంది, ఆ తర్వాత అట్టే. షాపాయన దగ్గరికి పరిగెత్తాను. ‘నేను అద్దెకిస్తానమ్మా, చదవను’ అన్నాడాయన, చాలా మర్యాదగా.

ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఇంకో మాట లేదు. నాలుగో రోజు పొద్దున అమ్మ పెనం మీద అట్టు తిరగేస్తూ, ఉన్నట్టుండి, ‘తోటమాలే’ అంది. ఎందుకంటే ఆ రోజు వాన పడిందని మూడో అధ్యాయంలో ఉందట, తోటమాలేమో ఆ సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తున్నానని చెప్పాడట. ‘వాన పడ్డ రోజు ఏ తోటమాలైనా నీళ్ళు పోస్తాడా?’ మా నాన్న పేపరు దించి ‘ఏ తోటమాలి? మనకెక్కడున్నాడు?’ అన్నారు. అమ్మ చెప్పింది ఒప్పో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ ఆ ఇంట్లో ఆవిడ చెప్పిన మాటని అందరం నోరు తెరుచుకుని విన్నది ఆ పూటే అని మాత్రం బాగా గుర్తు.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఇదే. క్రైమ్ కథ అంటే మనం రక్తం అనుకుంటాం, నిజానికి అందులో రక్తం కాసేపే ఉంటుంది. మిగతా కథంతా ఏముంటుంది? పాలవాడు ఎన్నింటికొచ్చాడు. గేటు చప్పుడైందా లేదా. టేబుల్ మీద కాఫీ కప్పులు రెండెందుకున్నాయి, ఆయనొక్కడే ఉన్నాడన్నారుగా. చెప్పులు గుమ్మానికి ఎడమవైపు విడిచే మనిషి ఇవాళ కుడివైపు ఎందుకు విడిచాడు. ఇవన్నీ ఎవరు గమనించే విషయాలు చెప్పండి? ఇల్లు నడిపే మనిషి గమనించేవి. అమ్మాయి ఫోన్లో ‘హలో’ అన్న తీరుని బట్టి ఆఫీసులో ఏదో అయిందని పసిగట్టేది మీరు. గ్యాస్ మంట రంగు చూసి సిలిండర్ ఇంకెన్నాళ్ళు వస్తుందో లెక్కగట్టేది మీరు. మీరు ఇంట్లో ఇదే పని చేస్తే దానికి పేరు ఆరా తీయడం, అదే పని యూనిఫాం వేసుకున్న వాడు టీవీలో చేస్తే విచారణ. మీరు రాత్రి పదింటికి వెళ్ళేది, చిన్న చిన్న విషయాలు గమనించేవాళ్ళకి మర్యాద దొరికే చోటికి. అక్కడ హత్య లేకపోతే ఎవరూ ఆగి వినరు కాబట్టి హత్య పెట్టారు, అంతే.

హత్యే అక్కర్లేదని చెప్పడానికి మన దగ్గరే పాత సాక్ష్యం ఉంది. మర్యాదరామన్న తీర్పులు చిన్నప్పుడు వినే ఉంటారు. పక్కపక్క ఇళ్ళ ఆడవాళ్ళు, ఒకావిడకి చాలా గేదెలు, రెండో ఆవిడకి ఒక్కటే. ఒక్క గేదె ఆవిడ దగ్గర ఆ చాలా గేదెలావిడ నెయ్యి అప్పు తీసుకుని, తర్వాత లేదు పొమ్మంది. అన్ని గేదెలున్న నేను దీని దగ్గర అప్పు చేస్తానా అని ఎదురు ప్రశ్న. సాక్షులు లేరు, కాగితం లేదు. రామన్న ఏం చేశాడు? ఇద్దర్నీ బురదలోంచి నడిపించి, కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మని చెరో చెంబు నీళ్ళిచ్చాడు. గేదెలావిడ చెంబుడూ ఒక్కసారి గుమ్మరించుకుంది, బురద బురదలాగే ఉంది, ఇంకో చెంబు అడిగింది. రెండో ఆవిడ పుల్లతో బురద గీకేసుకుని, పిసరు పిసరు నీళ్ళతో కడుక్కుని, చెంబులో ఇంకా కొన్ని మిగిల్చింది. ఇక రామన్న వేరే ఏమీ అడగలేదు. నెయ్యి ఎవరింట్లో నిలవుంటుందో, ఎవరింట్లో ఉండదో చెంబే చెప్పేసింది. ఇది మొదటి తరగతి డిటెక్టివ్ కథ. పోయింది నెయ్యి, ఒక్క చుక్క రక్తం లేదు, అయినా చెంబు దగ్గరికొచ్చేసరికి మా నాయనమ్మ గొంతు తగ్గించేది, మేం ముందుకి జరిగేవాళ్ళం.

ఇంగ్లండులో షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయల్ జీవితంలో కూడా ఇలాంటిదొకటి జరిగింది, ఈసారి నిజంగా. ఆయన 1893లో హోమ్స్ మీద విసుగొచ్చి కథలో చంపేస్తే, పాఠకులు మండిపడి పత్రికకి చందాలు మానేశారు, చివరికి 1903లో మళ్ళీ బతికించక తప్పలేదు. అది చాలామందికి తెలుసు. నేను చెప్పబోయేది జార్జ్ ఎడాల్జీ సంగతి. తండ్రి బొంబాయి నుంచి వెళ్ళిన పార్శీ, అక్కడ ఓ పల్లెటూరి చర్చిలో ఫాదర్. కొడుకు లాయరు. ఆ ఊళ్ళో రాత్రిపూట ఎవరో పశువుల్ని, గుర్రాల్ని కోసి పడేస్తుంటే, రంగు తక్కువ కుటుంబం కదా, నేరం ఇతని మీదకి తోసి 1903లో ఏడేళ్ళు శిక్ష వేశారు. మూడేళ్ళ తర్వాత ఏ వివరణా లేకుండా వదిలేశారు గానీ పోయిన పేరు రాలేదు. డాయల్ 1907లో ఒక హోటల్లో అతన్ని కలవడానికి వెళ్ళారు. కాస్త ఆలస్యమైంది. అతనేమో కూర్చుని పేపరు చదువుతున్నాడు, కాగితాన్ని కళ్ళకి దాదాపు ఆనించుకుని, కొంచెం పక్కకి తిప్పి. డాయల్ చదువుకున్నది వైద్యం, కళ్ళ డాక్టరుగా కూడా కూర్చున్నారు. దూరం నుంచే అర్థమైపోయింది. పేపరే కనపడని వాడు చీకట్లో పొలాలు, రైలు పట్టాలు దాటుకుంటూ వెళ్ళి గుర్రాన్ని కోస్తాడా? ఆయన పత్రికల్లో రాసి గొడవ చేశాక ఆ ఏడాదే క్షమాభిక్ష వచ్చింది, నష్టపరిహారం మాత్రం ఒక్క పౌను కూడా ఇవ్వలేదు. క్రిమినల్ కేసుల్లో అప్పీలుకి అక్కడ ప్రత్యేక కోర్టు కూడా ఆ 1907లోనే వచ్చింది, దాని వెనక ఈ గొడవ కూడా ఉంది. కోర్టులో అందరి కళ్ళెదుటా నిలబడ్డ మనిషి చూపు సంగతి అన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు.

పట్టకపోవడం అంటే ఏంటో నాకూ కొంచెం తెలుసు లెండి. కొన్నేళ్ళ కిందట మా ఇంటి ముందు పెట్టిన స్కూటర్ పోయింది. నేను స్టేషన్‌కి వెళ్ళే ముందు మనసులో అన్నీ వరసగా పెట్టుకున్నాను, రాత్రి పదకొండున్నరకి కుక్కలు మొరిగాయి, ఎదురింటి వాళ్ళ లైటు వెలిగింది, పొద్దున ముగ్గు మీద ఒక టైరు గుర్తుంది, దాన్ని తొక్కకుండా మా పనమ్మాయి చేత చుట్టూ ఊడిపించాను కూడా. అక్కడ కూర్చున్నాయన అడిగింది ఒక్కటే, ఆర్‌సీ జిరాక్స్ ఉందా అని. ఆయన తప్పు అనను, ఆ బల్ల మీద ఫైళ్ళు చూస్తే జాలేసింది. కానీ ఇంటికొచ్చాక స్కూటర్ పోయినందుకంటే నా టైరు గుర్తు గురించి ఎవరూ అడగనందుకు ఎక్కువ బాధపడ్డాను. ఆ రాత్రి నేను కూడా ఓ క్రైమ్ సీరియలే చూసి పడుకున్నాను. అందులో ఓ ఏసీపీ, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఓ డాక్టరు, ల్యాబు, అందరూ కలిసి ఎవరూ లేని ఓ ముసలాయన చొక్కా గుండీ గురించి ముప్పావుగంట కొట్టుకున్నారు. బతికుండగా ఆయన్ని పలకరించిన వాళ్ళు లేరు. చచ్చాక ఆయన ఏం తిన్నాడో, ఎవరికి ఫోన్ చేశాడో, ఎందుకు ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడో ఒక్కటీ వదలకుండా కనుక్కుంటారు. అబద్ధమే. ఎంత హాయైన అబద్ధమో! నిజం ల్యాబు రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు, సీఐడీ సీరియల్లో తలుపులు విరగ్గొట్టినట్టు ఎవరూ విరగ్గొట్టరు, 1998 నుంచి ఇరవై ఏళ్ళు ఆ తలుపులు విరుగుతుంటే చూస్తూ కూర్చున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసే చూశాం.

ఇంత చెప్పి, భయం సంగతి దాటేస్తే మోసం చేసినట్టే. యాక్సిడెంట్ జరిగిందంటే బస్సంతా ఒకవైపు కిటికీలకి ఒరిగిపోతుంది, అందులో మనమూ ఉంటాం, ‘అయ్యో’ అంటూనే చూస్తాం. ఆ కుతూహలం అందరిలో ఉంది. దాన్ని ఆడవాళ్ళ విషయంలో కొలిచి చూసినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే ఇద్దరు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిజమైన హత్యల పుస్తకం, యుద్ధం పుస్తకం రెండూ పెట్టి ఏది చదువుతారు అంటే ఆడవాళ్ళు ఎక్కువగా హత్యల పుస్తకం వైపు మొగ్గారు. అందులోనూ, బాధితురాలు ఎలా తప్పించుకుందో ఉన్న పుస్తకం అంటే మరీను. అంటే చూసేది చంపడం నేర్చుకోవడానికి కాదు, చావకుండా ఉండటానికి. మీ వారి కాఫీ జోకుకి ఇది జవాబుగా పనికొస్తుంది, ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించండి.

మరి భయం వేసేది చూస్తే సుఖం ఎందుకు? దీని గురించి మనవాళ్ళు అమెరికా వాళ్ళకంటే చాలా ముందే బుర్ర బద్దలు కొట్టుకున్నారు. నాట్యశాస్త్రంలో శృంగారం, హాస్యంతో పాటు భయానకం, బీభత్సం కూడా రసాలే, వాటికీ అదే వరసలో పీట వేశారు. వెయ్యేళ్ళ కిందట కాశ్మీరులో అభినవగుప్తుడనే పండితుడు దీన్ని వివరించడానికి శాకుంతలంలోంచి ఒక జింకని తెచ్చుకున్నాడు. దుష్యంతుడి రథం వెంట పడుతుంటే ఆ జింక మెడ వెనక్కి తిప్పి తిప్పి చూస్తూ పరిగెడుతుంది, ఎక్కడ బాణం తగులుతుందోనని ఒళ్ళు ముందుకి ముడుచుకుంటుంది, ఆయాసంతో తెరిచిన నోట్లోంచి సగం నమిలిన దర్భలు జారి దారంతా పడుతుంటాయి. చూసేవాడికి భయం కలుగుతుంది. అయితే ఆ భయం నాకో, నా వాళ్ళకో, నా శత్రువుకో అని లేదు, ఎవరిదీ కాని భయం. సొంత భయమైతే లేచి పారిపోవాలి. ఎవరిదీ కానిది కాబట్టే కూర్చుని రుచి చూడగలం. ఊళ్ళో ఒకరు పోతే అన్నం సహించని మీరు, తెరమీద శవాన్ని చూస్తూ వేరుశనక్కాయలు తినగలగడానికి కారణం ఇదే. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం వింతేమీ కాదు. నాకైతే ఒకటుండబట్టే రెండోది ఉందనిపిస్తుంది.

లాక్‌డౌన్ అప్పుడే ఎందుకు మొదలైందో కూడా దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. బయట కనపడని శత్రువు, ఎవరి తప్పో తెలీదు, ఎప్పుడు అయిపోతుందో తెలీదు, రోజూ సాయంత్రం ఒక అంకె. అలాంటప్పుడు నలభై అయిదు నిమిషాల్లో ‘ఇతనే’ అని వేలు పెట్టి చూపించే కథ దొరికితే ఎవరు వదులుకుంటారు? అగాథా క్రిస్టీ తన మొదటి డిటెక్టివ్ నవల రాసింది మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆస్పత్రి మందుల గదిలో పనిచేస్తూ. విషాల సంగతి ఆవిడకి తెలిసింది అక్కడే. అది 1920లో పుస్తకంగా వచ్చింది. అప్పటినుంచి రెండో యుద్ధం దాకా ఇరవై ఏళ్ళు ఇంగ్లండులో ఇలాంటి నవలలు వెల్లువగా వచ్చాయి. అంతకు ముందే లక్షలమంది కుర్రాళ్ళు కందకాల్లో పోయారు, ఒక్కో చావుకి ఎవరూ కారణం చెప్పలేదు. ఆ జనం ఇళ్ళకొచ్చి, ఒకే ఒక్క చావు గురించి మూడొందల పేజీలు పట్టించుకునే పుస్తకాలు కొనుక్కున్నారు. వాటిలో క్రిస్టీ రాసినవాటిలో ఒక పెద్దావిడ ఉంటుంది, మిస్ మార్పుల్, అల్లుకుంటూ కూర్చుంటుంది, పల్లెటూరు దాటి పెద్దగా తిరగలేదు, ఎవరు ఎదురొచ్చినా ‘మా ఊళ్ళో ఫలానా వాడు అచ్చం ఇలాగే’ అంటుంది, పోలీసులకంటే ముందు హంతకుణ్ణి పట్టుకుంటుంది. ఈవిడ సంగతి మళ్ళీ ఎత్తుతాను.

నిద్ర గురించి ఒక్క మాట. మీకు నిద్ర పట్టేది శవం వల్ల కాదు, ముడి విప్పడం వల్ల. మీరు ఓ ప్రయోగం చెయ్యండి, కొత్త ఎపిసోడ్ బదులు ఇదివరకు చూసిందే మళ్ళీ పెట్టుకోండి. కాలిఫోర్నియాలో 2011లో కొంతమందికి కథ చదవబోయే ముందే చివర ఏమవుతుందో చెప్పేసి ఇస్తే, డిటెక్టివ్ కథలతో సహా, వాళ్ళకి ఇంకా ఎక్కువ నచ్చాయట. హంతకుడెవరో తెలిశాక టెన్షన్ ఉండదు, మొదట్నుంచీ వాడు ఎక్కడెక్కడ తడబడుతున్నాడో తాపీగా చూసుకోవచ్చు. నాకు పాతవి చూసినప్పుడే నిద్ర బాగా పడుతుంది. తర్వాతి ఎపిసోడ్ తనంతట తనే మొదలయ్యే సెట్టింగ్ ఒకటుంటుంది, అది మాత్రం ఆపేసుకోండి, మీ అమ్మాయినడిగితే ఒక్క నిమిషంలో చేసిపెడుతుంది, ఆ వంకన ఆ పిల్లకి కూడా కాస్త మనశ్శాంతి.

ఇక నా కోపం సంగతి. యూట్యూబ్‌లో నిజం హత్యల వీడియోలు. అన్నీ ఒకటే అనను, కోర్టు తీర్పు వచ్చిన కేసుని తీర్పు కాగితాలు ముందు పెట్టుకుని ఓపిగ్గా చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని చూడండి. నేననేది ఆ రెండో రకం. చనిపోయిన అమ్మాయి పెళ్ళి ఫొటో, చుట్టూ ఎర్ర సున్నా, పక్కన ‘ఆ రాత్రి ఏం జరిగింది?’ అని పెద్ద అక్షరాలు, భయంకరమైన మ్యూజిక్. నిన్న సాయంత్రం జరిగిందానికి ఇవాళ పొద్దున్నే హంతకుడెవరో తేల్చేస్తారు, పంచనామా కూడా పూర్తయి ఉండదు. ‘ఆవిడకి ఎవరితోనో సంబంధం ఉందని స్థానికులు అంటున్నారు’ అని ఒక ముక్క వదుల్తారు. ఆ స్థానికులు ఎవరు? ఆ మాట విన్నాక ఆ తల్లి మార్కెట్‌కి ఎలా వెళ్తుంది? అత్యాచారం కేసులో బాధితురాలి పేరు, ఆనవాళ్ళు బయటపెట్టడం నేరమని చట్టంలోనే ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. మిగతా కేసుల్లో చట్టం అడ్డురాకపోతే మర్యాద కూడా అక్కర్లేదన్నట్టు ప్రవర్తిస్తారు. సీరియల్లో పోయినావిడ షూటింగ్ అయ్యాక ఇంటికెళ్ళి అన్నం తింటుంది. ఇక్కడ పోయిన మనిషికి చెల్లెలుంటుంది, ఆ చెల్లెలు కూడా అదే ఫోన్లో అదే వీడియో చూస్తుంది.

పైగా మీరు వెతుక్కునేది అక్కడ దొరకదు. గమనించేవాళ్ళెవరూ ఉండరు, అరిచేవాళ్ళే. ముడి విప్పరు. కేసు కోర్టులో ఏళ్ళు నడుస్తుంది, ఆ వీడియో చేసినవాళ్ళు మళ్ళీ అటు తిరిగి చూడరు. అంటే మీకు మిగిలేది విప్పని ముడి, దాంతోనే పడుకుంటారు. గడియ రెండు మూడుసార్లు చూసుకోవడం ఈ వీడియోల తర్వాతే మొదలై ఉంటుందని నా అనుమానం, తారీఖులు మీరే గుర్తు తెచ్చుకోండి. జార్జ్ గెర్బ్నర్ అనే అమెరికా ప్రొఫెసర్ ఎప్పుడో చెప్పాడు, టీవీ ఎక్కువగా చూసేవాళ్ళకి లోకం ఉన్నదానికంటే దుర్మార్గంగా కనిపిస్తుందని.

లెక్కలు కావాలంటే ఇవి చూసుకోండి. 2022లో దేశం మొత్తం మీద నమోదైన హత్య కేసులు 28,522. వాటిలో తగాదాల వల్ల జరిగినవి 9,962, పాత కక్షలతో 3,761, డబ్బు, సొత్తు కోసం 1,884. గట్టు తగాదా, నీళ్ళ తగాదా, తాగి మాటా మాటా పెరగడం, ఇలాంటివే ఎక్కువ. అర్ధరాత్రి మీ గడియ తీసుకుని వచ్చే తెలీని మనిషి సీరియల్ రచయితకి ఎంత అవసరమో నిజం లోకంలో అంత అరుదు. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, హత్యలకి దాదాపు ఆరు రెట్లు. మీ వారు హెల్మెట్ పెట్టుకుంటున్నారా? గడియ చూసినంత శ్రద్ధగా అది చూడండి.

గడియకి ఒక చిట్కా చెప్తాను, మా ఇంట్లో పనిచేసింది. వేసేటప్పుడు పైకే అనండి, ‘గడియ వేశాను, మంగళవారం’ అని. వారం పేరు కలపడం ముఖ్యం, లేకపోతే నిన్న అన్నామా ఇవాళ అన్నామా అని మళ్ళీ అనుమానం. మంచం ఎక్కాక చెయ్యి గడియ వైపు లాగితే మంగళవారం గుర్తొస్తుంది. ఒక నెల ఆ వీడియోలు మానేసి ఇది చేసి చూడండి. అప్పటికీ తగ్గకుండా అయిదుసార్లు పదిసార్లు అయిందనుకోండి, లేదా నిద్ర మధ్యలో ఉలిక్కిపడి లేస్తున్నారనుకోండి, అప్పుడు మీ అమ్మాయి చెప్పినట్టు డాక్టరుకి చూపించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇప్పటికైతే ఆ అవసరం నాకు కనపడలేదు.

అన్నట్టు మీ అమ్మాయితో వాదించకండి. ‘నార్మల్ కాదు’ అన్నది మిమ్మల్ని అనడం కాదేమో, అమ్మ రాత్రుళ్ళు ఒక్కతే చెవులు మూసుకుని చీకట్లో కూర్చుంటోందన్న బెంగ కావచ్చు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు కాస్త గుచ్చుకుంది కూడా ఆ ఇయర్‌ఫోన్సే, హత్యలు కాదు. మా అమ్మ నవల చదివినా ఇంటిల్లిపాదికీ కథ తెలిసేది, తోటమాలి గురించి నాన్నతో సహా అందరం కొట్టుకునేవాళ్ళం. చందమామలో బేతాళుడు కూడా కథ చెప్పి ఊరుకోడు, తెలిసీ చెప్పకపోయావో తల పగిలిపోతుందని బెదిరించి మరీ జవాబు రాబడతాడు. మీ కథల్లో ఆ జవాబు చెప్పే రెండో మనిషి లేరు.

లేరంటే లేరని కాదు. మీ ఉత్తరంలోనే ఉన్నారు. ఆ మరిది సంగతి నేను నాలుగుసార్లు చదివాను. మీ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, అంటే ఆవిడకి ఒక్క మాట కూడా వినపడలేదు. ముందు కథ తెలీదు. నిలబడింది రెండు నిమిషాలు, కంటి అద్దాలు పెట్టుకునే వచ్చారో లేదో కూడా తెలీదు, అరచేతిలో పట్టేంత ఫోను, గుమ్మం నుంచి. ఏం చూసి చెప్పారు? అతను నిలబడ్డ తీరా? వదినగారు ఏడుస్తుంటే ఇతని కళ్ళు ఎటున్నాయో అదా? లేకపోతే ఎనభై ఏళ్ళలో ఏ పెళ్ళిలోనో, ఏ పంపకాల దగ్గరో ఇలాగే నిలబడ్డ ఇంకో మరిదిని చూశారా? ఇందాక ఎత్తుతానన్న మిస్ మార్పుల్ రాజమండ్రిలో మీ పక్కగదిలోనే పడుకుని ఉంటే, మీరు ఫోన్లో వెతుక్కుంటున్నారు.

రేపు రాత్రి ఇయర్‌ఫోన్స్ తీసేసి, టీవీలో పెట్టి, గుమ్మం దగ్గర ఒక కుర్చీ వెయ్యండి. రమ్మని పిలవకండి, పిలిస్తే రాముడి పేరు చెప్పి రారు. మంచినీళ్ళ చెంబు మాత్రం ఆ కుర్చీ పక్కనే పెట్టండి. సగంలో ఆపి ‘ఎవరత్తయ్యా?’ అని అడిగి, ఆవిడేమన్నారో నాకు రాయండి. ఎలా కనిపెట్టారో కూడా అడిగి రాయండి, అది ఇంకా ముఖ్యం.